వేల్స్ పల్లెల్లో కొలిచి గీసినట్టుండే ఆ రైతు ఇళ్ళు ఎవరు కట్టించారు?

తుంగభద్ర | శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద కార్మార్థన్‌షైర్ వచ్చి, తవీ నది లోయలో ఒక పాత రైతు ఇంట్లో అద్దెకుంటున్నాం. ఇంటి యజమాని 1830ల నాటిదని చెబుతారు.

చుట్టూ గొర్రెలు, పచ్చిక, బురద దారి, రేకుల షెడ్లు. మధ్యలో మాత్రం పట్నంలో ఉండాల్సిన ఇల్లు. ముందు గోడకి సరిగ్గా నడుమ గుమ్మం, దాని మీద అర్ధచంద్రాకారంలో అద్దం. గుమ్మానికి అటొక కిటికీ, ఇటొక కిటికీ. పై అంతస్తులో మూడు కిటికీలు, కింది వాటికి సరిగ్గా సూటిగా. రెండు చివర్లా రెండు పొగగొట్టాలు. పైన నీలం రంగు రాతి పలకల కప్పు. ఈ దారిలో ఇలాంటివే ఇంకా కొన్ని కనిపిస్తాయి. అన్నీ ఒకే చేతి పనిలా ఉంటాయి.

వెనక్కి వెళితే మాత్రం లెక్క తప్పుతుంది. అక్కడ ఒక పొట్టి భాగం ఉంది. గోడ వంకర, కిటికీలు చిన్నవి, నేల ఒక మెట్టు కిందికి. అదే వంటిల్లు.

రైతులు ఇలాంటి ఇళ్ళు ఎందుకు కట్టుకున్నారు? వాళ్ళే కట్టుకున్నారా, ఎవరైనా కట్టించారా? వెనక భాగం సంగతేమిటి? ఇంకొకటి, పడమటి గోడకి లోపల విపరీతమైన చెమ్మ. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతమిద్దె | శనివారం మధ్యాహ్నం

తుంగభద్ర గారూ, పాత కట్టడాల మరమ్మతు పనిలోనే నా ఉద్యోగజీవితం గడిచింది. అందులో కొంతకాలం వేల్స్ సరిహద్దులో ఉన్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఇల్లు దేన్ని కాదని పుట్టిందో చూడాలి. వేల్స్ రైతు పాత ఇల్లు పొడుగ్గా, ఒక గది వెడల్పుతో ఉండేది. కొండ ప్రాంతాల్లో చాలాచోట్ల మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు. పై చివర కుటుంబం, పల్లపు చివర ఆవులు. పేడనీళ్ళు కిందికి పారాలి కాబట్టి పశువులకి పల్లపు చివర. రాయడర్ దగ్గరి కిలేవెంట్ అనే ఇల్లు ఇలాంటిదే, ఇప్పుడు కార్డిఫ్ పక్కన సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో ఉంది. అందులో మొదటి కట్టడం 15వ శతాబ్దానిది, ఇప్పుడు కనిపించేది 1734లో తిరిగి కట్టిన రూపం. అలాంటి ఇంటికి ముందు, వెనక అన్న ఆలోచనే ఉండదు. పొయ్యి ఎక్కడ కావాలో అక్కడ పెట్టి, మిగిలిన చోట గుమ్మం పెట్టేవాళ్ళు.

మీ ఇల్లు దానికి పూర్తిగా ఎదురు. ఇక్కడ ముందు గోడదే పెత్తనం. గుమ్మం తెరిస్తే సన్నటి నడవ, ఎదురుగా మెట్లు. ఒక పక్క పార్లర్ అనే ముస్తాబు గది, ఇంకో పక్క కుటుంబం కూర్చునే గది. మెట్లు నడుమ ఉండటంవల్ల పైన ఒక్కో పడకగదికి విడిగా తలుపు వచ్చింది. పాత ఇళ్ళలో ఒక గదిలోంచి నడిచి ఇంకో గదిలోకి వెళ్ళాలి. మీ ఇంటిని కట్టినవాళ్ళు అన్నిటికంటే ముందు ఆలోచించింది ఈ గుట్టు గురించే.

ఈ పద్ధతి పైనుంచి కిందికి వచ్చింది. జాన్ నాష్ అనే వాస్తుశిల్పి పేరు వినే ఉంటారు, తర్వాత లండన్‌లో రీజెంట్ స్ట్రీట్, బకింగ్‌హాం ప్యాలెస్ పనులు చేసినాయన. 1783లో లండన్‌లో దివాలా తీసి, ఆ తర్వాత మీ కార్మార్థన్‌కే వచ్చి నిలదొక్కుకున్నాడు. అక్కడి జైలు ఆయన కట్టిందే. 1790లలో కెరెడిగియన్‌లో ల్లానెర్ఖైరన్ అనే ఇల్లు ఒక చిన్న జమీందారు కోసం కట్టాడు. చదరం, నిరాడంబరం, కొలతలన్నీ కచ్చితం. పెద్దవాళ్ళ ఇళ్ళు అలా మారాక, వాళ్ళ ఎస్టేట్ ఏజెంట్లు, వాళ్ళ దగ్గర పనిచేసిన మేస్త్రీలు అదే తీరుని తగ్గించి కౌలురైతుల ఇళ్ళకి వాడారు. మీ దారిలో ఒకే చేతి పనిలాంటి ఇళ్ళు కనిపిస్తున్నాయన్నారు కదా, అవన్నీ ఒకే ఎస్టేట్‌వి అయ్యుండొచ్చు. తవీ లోయలో కాడర్, డినెవర్ కుటుంబాలవి చాలా పెద్ద ఎస్టేట్లు. కాడర్ ప్రభువు తన గోల్డెన్ గ్రోవ్ భవనాన్ని 1826 నుంచి జెఫ్రీ వయాట్‌విల్ చేత కొత్తగా కట్టించుకున్నాడు, విండ్సర్ కోట మార్చిన వయాట్‌విల్ చేతే.

వెనక భాగం గురించి నాకొక అనుమానం ఉంది. ముందు గోడ మందం, వెనక భాగం గోడ మందం కొలిచి రాయండి, అప్పుడు చెబుతాను.

కార్డిఫ్_కాలింగ్ | శనివారం సాయంత్రం

పాతమిద్దె గారు చెప్పిన సెయింట్ ఫాగన్స్‌లోనే ఈ చర్చకి సరిపోయే ఇల్లు ఇంకొకటి ఉంది, ల్లుయిన్-అర్-ఎయోస్. అక్కడి మిగతా ఇళ్ళలో చాలావాటిని వేల్స్ నలుమూలల నుంచి రాయి రాయి విప్పి తెచ్చి నిలబెట్టారు. ఇది మాత్రం కట్టిన చోటే ఉంది. ప్లిమత్ ఎర్ల్ ఎస్టేట్ తన కౌలుదారు కోసం 1820లో కట్టించింది. లోపల సామాను 1930ల నాటి తీరులో సర్దారు.

పిల్లలతో వెళ్ళినప్పుడు ముందు కెనిక్స్‌టన్ చూసి, తర్వాత ఇక్కడికి వస్తాం. కెనిక్స్‌టన్ గవర్ ద్వీపకల్పం నుంచి తెచ్చిన 17వ శతాబ్దపు రైతు ఇల్లు. దుష్టశక్తులు రాకుండా గోడలకి ఎర్ర రంగు, పైన గడ్డి కప్పు. అక్కడ ఇల్లంతా పొయ్యి చుట్టూ తిరుగుతుంది. ల్లుయిన్-అర్-ఎయోస్‌లో అడుగుపెట్టగానే తేడా తెలుస్తుంది. ముందు గదులు చక్కగా, చల్లగా, కొంచెం బిగుసుకుపోయి ఉంటాయి. మనుషులు నిజంగా బతికిన జాడ వంటింట్లో, పాలగదిలో, వెనక పెరట్లో ఉంటుంది. తుంగభద్ర గారు వీలుచూసుకుని తప్పకుండా వెళ్ళండి, ప్రవేశం ఉచితం.

గడపదాటి | శనివారం రాత్రి

అందరూ ముందు గోడని మెచ్చుకుంటున్నారు. నేను వేరేది అడుగుతాను. ఆ ఇంట్లో పనిచేసిన పాలేర్లు ఎక్కడ పడుకున్నారు?

పాత పొడుగిళ్ళలో యజమాని, పాలేరు ఒకే పొయ్యి దగ్గర తిన్నారు. మూడు కిటికీల ఇల్లు వచ్చాక కుటుంబం ముందు గదిలోకి వెళ్ళింది, పనివాళ్ళు వెనక వంటింట్లో ఉండిపోయారు. కొన్ని ఇళ్ళలో పనిపిల్లల గదికి వెనకనుంచి వేరే మెట్లు. యజమాని పడకగదులకీ ఆ గదికీ మధ్య తలుపు కూడా ఉండదు. పెళ్ళికాని మగ పాలేర్లు అయితే ఉత్తర వేల్స్‌లో, ముఖ్యంగా ఆంగిల్సీ, ల్లీన్ ప్రాంతాల్లో, గుర్రాలశాల అటక మీద పడుకునేవాళ్ళు. కింద గుర్రాలు, పైన మనుషులు.

పెళ్ళయిన కూలీలు? మట్టి గోడల గుడిసెలు. మీ కార్మార్థన్‌షైర్, కెరెడిగియన్ వైపు మట్టిలో గడ్డి కలిపి తొక్కి, వరసమీద వరస వేసి కట్టిన ఇళ్ళు. చాలామటుకు కరిగిపోయాయి కాబట్టి ఇప్పుడు కనిపించవు. రాతి ఇళ్ళు నిలబడ్డాయి. నిలబడినవే చూసి 19వ శతాబ్దపు వేల్స్ పల్లె ఇలా ఉండేదనుకుంటే సగం ఊరిని లెక్కలోంచి తీసేసినట్టే.

లంకపల్లె | ఆదివారం ఉదయం

గడపదాటి అన్నా, మీరన్నది నిజం. దానికి ఇంకొక మెట్టు కలుపుతాను. ఆ ముందు గదిలో కూర్చున్న రైతు కూడా ఆ ఇంటికి సొంతదారు కాదు.

19వ శతాబ్దపు వేల్స్‌లో సొంత భూమి దున్నుకునేవాళ్ళు చాలా తక్కువ. భూమి పెద్ద ఎస్టేట్ల చేతిలో ఉండేది. ఉత్తరాన విన్‌స్టే ఎస్టేట్ ఒక్కటే లక్ష ఎకరాలు దాటింది. కౌలు ఎక్కువచోట్ల ఏడాదికే. రైతు కాలవ తవ్వి, పొలం బాగుచేసి, కొట్టం కట్టుకుంటే, పైకం మొత్తం అతనిదే, ఫలితం మాత్రం జమీందారుది. పైగా పొలం బాగుపడిందని కౌలు పెంచేవాళ్ళు కూడా. పెట్టిన ఖర్చుకి పరిహారం ఇవ్వాలన్న చట్టాలు 1875లో, 1883లో వచ్చాయి. మొదటిదాంట్లో జమీందారు ఒప్పందం రాసుకుని తప్పించుకునే వీలుంది.

ఇల్లు కౌలుతో పాటు వచ్చేది, కౌలుతో పాటే పోయేది. 1868 ఎన్నికల్లో చాలామంది కౌలురైతులు జమీందారు చెప్పినవాళ్ళకి కాకుండా లిబరల్స్‌కి ఓటేశారు. అప్పట్లో ఓటు బహిరంగంగా చెప్పాలి. కెరెడిగియన్, కార్మార్థన్‌షైర్‌లలో కొందరికి నోటీసులొచ్చాయి, తాతలనాటి పొలాలు వదిలి పోవాల్సి వచ్చింది. 1872లో రహస్య ఓటు చట్టం రావడానికి ఈ గొడవ కూడా ఒక కారణం.

అందుకే ఆ ఇళ్ళ మొహాలు అన్నీ ఒకలా ఉంటాయి. అది ఎస్టేట్ మొహం. దారినపోయేవాడు చూడగానే ఇది ఎవరి భూమో తెలియాలి. ఫ్రాన్స్‌తో, తర్వాత నెపోలియన్‌తో యుద్ధాలు జరిగిన కాలంలో, అంటే 1793 నుంచి 1815 దాకా, ధాన్యం ధరలు బాగా పెరిగి కౌళ్ళు కూడా పెరిగాయి. కొన్ని ఎస్టేట్లు ఆ డబ్బు ఇళ్ళమీద పెట్టాయి. మంచి ఇల్లుంటే డబ్బున్న, చదువుకున్న కౌలుదారు వస్తాడని లెక్క. 1815 తర్వాత ధరలు పడిపోయాయి, కౌళ్ళు మాత్రం అంత తొందరగా దిగలేదు.

అన్ని ఎస్టేట్లూ కట్టించాయనుకోకండి. 1893లో ప్రభుత్వం వేల్స్ భూమి సమస్యమీద రాయల్ కమిషన్ వేసింది. ఊరూరా తిరిగి రైతుల మాటలు రాసుకుని 1896లో నివేదిక ఇచ్చింది. కూలిపోతున్న కౌలు ఇళ్ళ గురించి అందులో కావలసినంత ఉంది.

స్లేటుపలక | ఆదివారం మధ్యాహ్నం

నాది మార్కాపురం. మావాళ్ళు పలకల గనిలో పనిచేశారు కాబట్టి కప్పు గురించి రాయకుండా ఉండలేను.

మీ ఇంటి కప్పు నీలిబూడిద రంగులో, పలకలన్నీ ఒకే కొలతలో ఉంటే అవి బహుశా ఉత్తర వేల్స్ నుంచి వచ్చినవి. పెన్రిన్, డినోర్విగ్, ఫెస్టినియోగ్ గనులు ఒకప్పుడు లోకానికి కప్పు వేశాయి. 2021లో యునెస్కో ఆ గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ పలకల కొలతలకి రాణివాసం పేర్లు. 24 అంగుళాలకి 12 అయితే డచెస్, 20కి 10 అయితే కౌంటెస్, 16కి 8 అయితే లేడీ. కొనేవాడు వ్యాపారితో అలాగే అడిగేవాడు.

తేదీ కట్టడానికి కూడా కప్పు పనికొస్తుంది. సముద్రం మీద తరలించే పలకల మీద పన్ను 1831లో ఎత్తేశారు. 1836లో ఫెస్టినియోగ్ రైలుమార్గం గనిని రేవుతో కలిపింది. ఆ తర్వాత దక్షిణాన తీరానికి దగ్గరున్న రైతు ఇంటికి కూడా ఉత్తరపు పలక సులువుగా చేరింది. అంతకుముందు దగ్గర్లో దొరికిన మందపు పలకలే వేసేవాళ్ళు. వాటిని చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి పేర్చేవాళ్ళు. బరువైన పలక గోడమీద కూర్చుంటుంది, నడికొప్పు దగ్గర తేలిక.

ఇంకో గుర్తు. గడ్డి కప్పుకి వాలు బాగా నిటారుగా కావాలి, లేకపోతే నీళ్ళు దిగుతాయి. సన్నటి పలకకి తక్కువ వాలు చాలు. మీ వెనక భాగం అటక ఎక్కి చివరిగోడ లోపలివైపు చూడండి. ఇప్పటి కప్పు కింద ఇంకా నిటారైన వాలు గీత కనబడితే అక్కడ ఒకప్పుడు గడ్డి ఉండేదన్నమాట.

తుంగభద్ర | సోమవారం రాత్రి

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు.

టేపు పెట్టి కొలిచాం. ముందు గోడ కిటికీ దగ్గర 52 సెంటీమీటర్లు. వెనక భాగం గోడ 84. వంటింట్లో పొయ్యి చోటు చాలా వెడల్పు, మనిషి నిలబడొచ్చు. పైన అడ్డంగా ఒకే పెద్ద దూలం, దాని అంచు చెక్కి ఏటవాలు చేశారు. అటక ఎక్కడానికి యజమాని ఒప్పుకున్నారు కానీ నిచ్చెన దొరకాలి.

ఇంకో సందేహం. పై అంతస్తులో నడిమి కిటికీ నిజానికి కిటికీ కాదు. బయటినుంచి చట్రం ఆకారం ఉంది, లోపల గోడే. పక్కింటాయన అది కిటికీ పన్ను తప్పించుకోవడానికి మూసేశారని చెప్పాడు. నిజమేనా?

పాతమిద్దె | మంగళవారం ఉదయం

నా అనుమానానికి బలం వచ్చింది. అంత మందం గోడ, అంత వెడల్పు పొయ్యి, అంచు చెక్కిన దూలం 1830లలో ఎవరూ కొత్తగా కట్టరు. మీ వంటిల్లే పాత ఇల్లు, బహుశా 17వ శతాబ్దానిది. ఎస్టేట్ వాళ్ళు దాన్ని కూలగొట్టకుండా, దానికి అడ్డంగా ముందు కొత్త భాగం కట్టి, పాతదాన్ని వంటిల్లుగా, పనివాళ్ళ చోటుగా దించేశారు. వేల్స్ అంతటా ఇది మామూలు. రాయి తిరిగి మొయ్యనక్కర్లేదు, కొత్తది లేచేదాకా కుటుంబం పాతదాంట్లోనే ఉండొచ్చు. నేల మెట్టు కిందికి ఉండటానికి కారణం కూడా అదే. లోపల గదులు పట్నపు పద్ధతికి మారినా వంట మాత్రం తాతల పొయ్యి మీదే సాగింది. రైల్వేలు వచ్చి ఇనుప పొయ్యిలు సులువుగా చేరేదాకా అంతే.

కిటికీ పన్ను సంగతి. 1696 నుంచి 1851 దాకా ఆ పన్ను ఉన్నమాట నిజం. కానీ 1825 నుంచి ఎనిమిది కిటికీలకంటే తక్కువున్న ఇళ్ళకి అది లేదు. పాలగది, జున్నుగది కిటికీలకి మినహాయింపు ఉండేది. అందుకే కొన్ని పాత రైతు ఇళ్ళలో ఆ తలుపుల మీద గది పేరు రాసి ఉంటుంది, పన్ను అధికారి చూడాలని. మీ ఇంటి నడిమి కిటికీ వెనక ఏముంది? మెట్లు తిరిగే చోటో, గదుల మధ్య అడ్డుగోడో వచ్చి ఉంటుంది. అక్కడ వెలుతురు అక్కర్లేదు, కానీ ముందు గోడమీద మూడు కనిపించాలి. అందుకని మొదటినుంచే ఉత్త చట్రం కట్టారు. తర్వాత మూసిన కిటికీ అయితే రాళ్ళ అతుకు కనిపిస్తుంది, చూడండి. అతుకు లేకపోతే మాత్రం పన్ను కథ పక్కన పెట్టొచ్చు.

మిగతా కిటికీలు కూడా చూడండి. పైకీ కిందికీ జరిగే రెక్కల్లో ఒక్కో రెక్కకి ఆరు చిన్న అద్దాలుంటే పాతవి. గాజుమీద పన్ను 1845లో తీసేశాక పెద్ద అద్దాలు చవకయ్యాయి, రెక్కకి రెండు అద్దాలే వేశారు. బరువు పెరిగింది కాబట్టి పై రెక్క అడుగున రెండు చివర్లా చిన్న కొమ్ముల్లాంటి చెక్కలు వదిలారు. ఆ కొమ్ములుంటే కిటికీ దాదాపు 19వ శతాబ్దం నడుమ లేదా ఆ తర్వాతది.

సున్నపుగోడ | మంగళవారం సాయంత్రం

చెమ్మ గురించి ఎవరూ రాయలేదు. బ్రిస్టల్‌లో పాత ఇళ్ళ సున్నం పనే నాది.

ఆ గోడ ఒకే ముద్ద కాదు. బయట ఒక వరస రాయి, లోపల ఒక వరస రాయి, మధ్యలో రాళ్ళముక్కలు, మట్టి, సున్నం. వాన పడితే నీరు కొంత లోపలికి వెళుతుంది, ఎండా గాలీ తగిలితే మళ్ళీ బయటికి పోతుంది. బయటి సున్నపు పూత, మీద కొట్టిన వెల్ల, రెండూ ఆ నీటిని రానూ పోనూ ఇస్తాయి. పడమటి గాలివాన ఎక్కువ కొట్టే గోడకి కొందరు పలకలే తొడిగేవాళ్ళు.

మీ పడమటి గోడకి బయట బూడిదరంగు గట్టి ప్లాస్టరు ఉందా? వేలితో తడితే డొల్ల శబ్దం వస్తోందా? 20వ శతాబ్దంలో ఎవరో సిమెంటు కొట్టించి ఉంటారు. సిమెంటు సన్నగా పగులుతుంది, పగుల్లోంచి నీరు దిగుతుంది, తిరిగి బయటికి రాలేక లోపలి గదిలోకి వస్తుంది. అప్పుడు లోపల కూడా చెమ్మ రాని రంగు అంటూ ప్లాస్టిక్ రంగు వేస్తారు, గోడ రెండువైపులా మూసుకుపోతుంది. గోడలోకి ఇంజెక్షన్లు ఇస్తామని వచ్చేవాళ్ళని రానివ్వకండి. ముందు గట్టర్లు, నేలకి దిగే గొట్టాలు చూడండి. బయటి మట్టి లోపలి నేలకంటే ఎత్తుగా పేరుకుందేమో చూడండి. అవి సరిచేశాక, వేసవిలో, మేస్త్రీ చేత సిమెంటు జాగ్రత్తగా తీయించి మళ్ళీ సున్నం వేయించాలి. ఆరడానికి నెలలు పడుతుంది. యజమానికి ఇది అర్థమయ్యేలా చెప్పండి. మంచి సున్నం పనివాళ్ళు వేల్స్‌లోనే ఉన్నారు.

ఒక్కమాట చరిత్ర కూడా. సున్నం ఆ కాలంలో గోడకంటే పొలానికి ఎక్కువ కావాలి. పుల్లమట్టి విరగడానికి రైతులు బట్టీలనుంచి బళ్ళకొద్దీ తెచ్చేవాళ్ళు. దారిలో గేటు గేటుకీ సుంకం. 1839లో మొదలై 1843 దాకా నడిచిన రెబెకా తిరుగుబాట్లకి అదొక పెద్ద కారణం. మగవాళ్ళు ఆడవేషాలు వేసుకుని రాత్రిపూట గేట్లు విరగ్గొట్టారు, అదంతా మీ జిల్లా చుట్టుపక్కలే. 1844 చట్టంతో సున్నపు బళ్ళ సుంకం సగానికి తగ్గింది.

కార్డిఫ్_కాలింగ్ | బుధవారం ఉదయం

లంకపల్లె గారు ఎస్టేట్ల గురించి రాశారు కదా, ఇంకో ముడి ఉంది. ల్లుయిన్-అర్-ఎయోస్ కట్టిన ప్లిమత్ ఎర్ల్ 1833లో పోయాడు. సెయింట్ ఫాగన్స్ ఆస్తి ఆయన చెల్లెలు హారియట్‌కి వచ్చింది. ఆమె భర్త రాబర్ట్ హెన్రీ క్లైవ్, ప్లాసీ యుద్ధం చేసిన క్లైవ్‌కి మనవడు.

లంకపల్లె | బుధవారం మధ్యాహ్నం

అయితే ఆయన తండ్రి ఎడ్వర్డ్ క్లైవ్. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు! 1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలని కంపెనీకి దత్తం చేసినప్పుడు మద్రాసులో కూర్చున్నది ఈయనే. ఆయన భార్య హెన్రియెట్టా వెల్ష్‌పూల్ దగ్గర పోవిస్ కోట కుటుంబం ఆడపడుచు. టిప్పు సుల్తాన్ గుడారం ఇప్పటికీ ఆ కోటలోనే ఉంది. తాత క్లైవ్ 1765లో ఉత్తర సర్కారులు కంపెనీకి రాయించుకున్నాడు. మద్రాసు గవర్నరు కొడుకు వేల్స్‌లో కౌలురైతుల మీద జమీందారు. ఆ కాలపు ఎస్టేట్లు అలా రెండు దేశాల్లోనూ పాతుకుని ఉండేవి. దీన్ని పట్టుకుని ఆ ఇల్లు మన డబ్బుతోనే కట్టారని అనను. ల్లుయిన్-అర్-ఎయోస్ కట్టింది క్లైవ్‌ల కంటే ముందటి యజమాని. కానీ దాని కౌలు తర్వాత ఏ ఇంటికి వెళ్ళిందో తెలుసుకోవాలి.

అదే వెల్ష్‌పూల్ పక్కన లేటన్ ఉంది. చెన్నైలో ప్యారీస్ కార్నర్ తెలియని తెలుగువాడు లేడు. ఆ థామస్ ప్యారీ లేటన్ హాల్ కుటుంబం పిల్లవాడు, 1788లో మద్రాసులో వ్యాపారం మొదలుపెట్టాడు. తర్వాత ఆ ఎస్టేట్ చేతులు మారి లివర్‌పూల్ బ్యాంకరు జాన్ నేలర్‌కి చేరింది. 1840ల చివరినుంచి అక్కడ ఆయన కట్టించిన ఆదర్శ వ్యవసాయ క్షేత్రం చూస్తే కళ్ళు తిరుగుతాయి. గుండ్రటి గొర్రెల శాల, గుండ్రటి పందుల శాల, నీటి బలంతో నడిచే యంత్రాలు, ఎరువునీళ్ళని కొండమీది తొట్టికి ఎక్కించి గొట్టాలగుండా పొలాలకి వదిలే ఏర్పాటు. బ్యాంకు డబ్బు వ్యవసాయం మీదికి వస్తే ఇంతదాకా పోతుంది. తుంగభద్ర గారి ఇల్లు అదే కాలపు ఆలోచనకి నేలమీద నిలబడిన రూపం.

మోడరేటర్ | బుధవారం సాయంత్రం

క్లైవ్ గురించి విడిగా దారం తెరిచాను, ఆ చర్చ అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఇంటి గురించే.

గడపదాటి | బుధవారం రాత్రి

సరే, ఇంటి గురించే అడుగుతాను. పార్లర్ ఎవరికోసం? ఏడాదిలో ఎన్నాళ్ళు వాడేవాళ్ళు?

పాతమిద్దె | గురువారం ఉదయం

చాలా తక్కువ. చాపెల్‌కి వచ్చిన ప్రసంగీకుడు బస చేస్తే, కౌలు మాట్లాడ్డానికి ఏజెంటు వస్తే, ఇంట్లో ఎవరైనా పోతే. మంచి సామాను, పెద్ద బైబిలు అక్కడ. ఇంటి ఇల్లాలి ఉనికి వెనకాల, ఉత్తరం వైపు చల్లగా ఉండే పాలగదిలో. అక్కడ రాతి పలకల అరుగులమీద వెన్న తీసేవాళ్ళు. దక్షిణ వేల్స్ బొగ్గు ఊళ్ళు పెరిగేకొద్దీ ఆ వెన్నకి గిరాకీ పెరిగింది. చాలా ఇళ్ళలో కౌలు డబ్బులో మంచి భాగం ఆడవాళ్ళ చేతి వెన్ననుంచే వచ్చింది. ముందు గోడ నిలబడింది పాలగది బలం మీదే అంటాను.

తుంగభద్ర | శనివారం సాయంత్రం

నిచ్చెన దొరికింది. స్లేటుపలక గారూ, మీరన్నట్టే ఉంది! వెనక భాగం చివరిగోడమీద ఇప్పటి కప్పుకంటే నిటారుగా ఇంకో గీత ఉంది. దూలాల్లో రెండు మసిపట్టి నల్లగా ఉన్నాయి. నడిమి కిటికీ చుట్టూ ఎక్కడా రాళ్ళ అతుకు లేదు. పాతమిద్దె గారు చెప్పినట్టు లోపల సరిగ్గా అక్కడే అడ్డుగోడ.

అబెరిస్ట్‌విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ వాళ్ళు పాత టైత్ మ్యాపులు, అంటే పంటమీద చర్చికి కట్టే పన్ను లెక్కకోసం గీసినవి, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మా పొలం పేరుతో వెతికితే దొరికింది. భూమి యజమాని ఒక పెద్ద ఎస్టేట్, సాగుచేసేది వేరే పేరు, వితంతువు. ప్రతి మడికీ పేరు, ఏమి పండిస్తారో, ఎన్ని ఎకరాలో రాసి ఉంది. మ్యాపులో ఇల్లు ఇప్పటి ఆకారంలోనే ఉంది, ముందు అడ్డంగా కొత్తది, వెనక పాతది. 1851 జనాభా లెక్కల్లో ఆవిడ కొడుకు రైతుగా, ఎన్ని ఎకరాలో, ఎంతమంది కూలీలో రాసుకున్నాడు. అదే కాగితంలో ఇంట్లో ఉండే ఇద్దరు పాలేర్లు, ఒక పాలపని అమ్మాయి పేర్లు కూడా ఉన్నాయి. ఆ అమ్మాయికి పద్నాలుగేళ్ళు. గడపదాటి గారూ, మీ ప్రశ్నకి మా ఇంట్లోనే జవాబు దొరికింది. వెనక భాగం పైన చిన్న గది ఉంది, వంటింట్లోంచే మెట్లు, ముందు పడకగదులకి దారి లేదు.

యజమాని ఈ వేసవిలో వంటింటి లోపలి ప్లాస్టరు మొత్తం ఒలిపించి రాళ్ళు కనబడేలా చేయిస్తానంటున్నారు, చూడ్డానికి బాగుంటుందని. ఏమంటారు?

సున్నపుగోడ | శనివారం రాత్రి

వద్దు. ఆ గోడ లోపలివైపు ఎప్పుడూ పూతతోనే ఉంది. ఒలిస్తే రాళ్ళమధ్య మట్టి రాలుతుంది, చలి కూడా పెరుగుతుంది. పాత సున్నపు పూత పొరల్లో రంగులు, రాతలు కూడా ఉండొచ్చు.

పాతమిద్దె | ఆదివారం ఉదయం

ఒలిపించనివ్వకండి. ముందు ఆ ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో వేల్స్ ప్రభుత్వ వారసత్వ సంస్థ కాడూ వెబ్‌సైట్‌లో చూడండి. ఉంటే అనుమతి లేకుండా లోపల మార్చడం కూడా నేరమే, యజమానికి ఆ ఇబ్బంది ఎందుకు. లేకపోయినా, అబెరిస్ట్‌విత్‌లోనే వేల్స్ ప్రాచీన కట్టడాల రాయల్ కమిషన్ ఉంది, 1908 నుంచి ఇలాంటి ఇళ్ళని నమోదు చేస్తున్నారు. వాళ్ళ కొవ్లైన్ జాబితాలో మీ ఇంటి పేరు వెతకండి. లేకపోతే మసిపట్టిన దూలాలు, కప్పు గీత, పొయ్యి మీది దూలం అంచు ఫొటోలు తీసి పంపండి. ప్రతి ఫొటోలో కొలబద్ద కనబడేలా పెట్టండి. దూలాల మసి పొయ్యి గొట్టం కట్టకముందటిది అయితే, అంటే నట్టింట్లో నేలమీద మంట వేసిన కాలానిదయితే, మీ వంటిల్లు నేను అనుకున్నదానికంటే ఇంకో వందేళ్ళు పాతది. దూలంలోంచి పెన్సిల్ మందం ముక్క తీసి, చెట్టు వలయాలు లెక్కపెట్టి ఏ ఏడు నరికిందో చెప్పగలరు. ఆ పరీక్ష అయ్యేదాకా వంటింట్లో మేకు కూడా కొట్టవద్దని యజమానికి నా మాటగా చెప్పండి.